ఈ మధ్య వెళ్లిపోయినవారు: "తీరని లోటు" అనకుండా చెప్పుకుందాం

పాత రేడియో (చర్చ ప్రారంభించినవారు)

ఎవరైనా పెద్దవారు పోయిన రోజున ఫోను తెరిస్తే అన్నీ ఒకే మాటలు. తీరని లోటు, చెరగని ముద్ర, ఒక శకం ముగిసింది. పేరు మార్చి అదే వాక్యాన్ని శాస్త్రవేత్తకూ, నటుడికీ, గాయకుడికీ అతికించవచ్చు. చదివాక ఆ మనిషి బతికుండగా ఏం చేశాడో మాత్రం తెలియదు.

అందుకే ఈ చర్చ. 2024 నుంచి ఇప్పటిదాకా కన్నుమూసినవారిలో మీకు ముఖ్యమనిపించిన ఒకరిని తీసుకోండి. పురస్కారాల చిట్టా వద్దు. ఆయన లేదా ఆమె చేసిన ఒక పని, అది ఎలా చేశారన్నది చెబితే చాలు. రాజకీయ నాయకులను ఇక్కడికి తీసుకురావద్దని మనవి. తెస్తే రెండో పేజీకల్లా జుట్టూ జుట్టూ పట్టుకుంటాం.

నా వంతు గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు. 2025 మార్చి 9న తిరుపతిలో పోయారు, 76 ఏళ్లు. "వినరో భాగ్యము విష్ణుకథ" తెలియని తెలుగువారు తక్కువ. కానీ ఆ పాట వరస అయిదు వందల ఏళ్ల నాటిదని చాలామంది నమ్మకం. కాదు. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద దొరికాయి, ప్రతి పాటకూ పైన రాగం పేరు ఉంది. స్వరలిపి లేదు. అంటే సాహిత్యం చేతికి అందింది కానీ గొంతుకు అందలేదు. ఒక్కొక్క సంకీర్తనకూ కొత్తగా వరస కట్టవలసి వచ్చింది. బాలకృష్ణప్రసాద్ గారు అలా కట్టినవి ఆరు వందలకు పైనే. మనం "వినరో భాగ్యము" అని కూనిరాగం తీసినప్పుడు పాడుతున్న వరస ఆయనది. పాడేవాడికి ఆ సంగతే తోచనంత సహజంగా కుదిరిన వరస.

సందేహాల పుట్ట

అంటే పాట అంత పాపులర్ అయ్యి, కట్టినవారి పేరు మరుగునపడిందన్నమాట. ఇది మెచ్చుకోవలసిన విషయమా, బాధపడవలసిన విషయమా?

పాత రేడియో

రెండూ. కానీ ఆయన బతికుండగానే సంగీతం తెలిసినవాళ్లు ఆయనను గుర్తించారు, కాబట్టి మరీ దిగులు పడనక్కరలేదు.

జీవశాస్త్రం మాస్టారు

పేరు మరుగునపడటమంటే అకిర ఎండో గారిని చెప్పాలి. జపాన్ జీవరసాయన శాస్త్రవేత్త, 2024 జూన్ 5న 90 ఏళ్ల వయసులో పోయారు. మన ఇళ్లల్లో కొలెస్ట్రాల్ మాత్ర వేసుకునేవారు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకోండి. స్టాటిన్ అనే ఆ మందుల కుటుంబానికి మూలపురుషుడు ఆయనే. ఆ మాత్ర వేసుకునేవారిలో నూటికి ఒక్కరికైనా ఈ పేరు తెలిసి ఉంటుందా అని నా అనుమానం.

ఆయన ఆలోచన చూడండి. బూజు జాతులు తమ శత్రువులైన సూక్ష్మజీవులను చంపడానికి ఏవో రసాయనాలు తయారుచేసుకుంటాయి, పెన్సిలిన్ అలా దొరికిందే. కొన్ని సూక్ష్మజీవులకు బతకడానికి కొలెస్ట్రాల్ వంటి పదార్థాలు కావాలి. అలాంటప్పుడు వాటి తయారీనే అడ్డుకునే బూజు ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి కదా? ఈ తర్కం పట్టుకుని ఆయన బృందం దాదాపు 6,000 సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా పరీక్షించింది. 1973లో నీలిపచ్చ బూజు ఒకదానిలో ఆ పదార్థం దొరికింది.

అసలు కథ ఆ తర్వాతే. దాన్ని ఎలుకలకు ఇస్తే ఏమీ జరగలేదు. ఆయన పనిచేసే కంపెనీలో చాలామంది ఇక మూటగట్టేయవచ్చు అనుకున్నారు. ఎలుక రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్ మొదటినుంచీ తక్కువే, తగ్గడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఆ మాట అప్పటికి ఎవరికీ తట్టలేదు. ఒక సాయంత్రం సహోద్యోగి ఒకాయన తారసపడ్డాడు. ఆయన ప్రయోగాల కోసం గుడ్లు పెట్టే కోళ్లను పెంచుతున్నాడు. గుడ్డు నిండా కొలెస్ట్రాల్ ఉంటుంది, అలాంటప్పుడు కోడి రక్తంలోనూ ఉండాలి కదా అనుకుని వాటికి ఇచ్చి చూశారు. సగం దాకా తగ్గింది. మందు బతికింది.

నిశాచరి

మాస్టారూ, దాని మీద ఆయనకు డబ్బు వచ్చిందా?

జీవశాస్త్రం మాస్టారు

రాలేదమ్మా. మార్కెట్లోకి వచ్చిన మొదటి స్టాటిన్ 1987లో అమెరికా కంపెనీ తెచ్చిన మరో మందు. ఎండోకు రాయల్టీ లేదు, నోబెల్ లేదు. 2008లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ పురస్కారం ఇచ్చారు. (చిట్టా వద్దన్నారు కాబట్టి ఇంతటితో ఆపేస్తున్నాను.) ఒక ముచ్చట మాత్రం చెప్పక తప్పదు: తర్వాతి రోజుల్లో ఆయనకే కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని పరీక్షలో తేలితే, ఎదురుగా ఉన్నది ఎవరో తెలియని డాక్టర్ "కంగారు పడకండి, దీనికి మంచి మందులున్నాయి" అన్న అర్థంలో ధైర్యం చెప్పాడట.

ధిరకిట

హహ, ఇది బాగుంది.

నా వంతు తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్. 2024 డిసెంబరు 15న శాన్‌ఫ్రాన్సిస్కోలో పోయారు, 73 ఏళ్లు, ఊపిరితిత్తుల జబ్బు. ఆయన జుట్టు గురించీ, నవ్వు గురించీ అందరూ రాశారు. నేను ఆయన ఎడమ అరచేయి గురించి రాస్తాను.

తబలా అంటే రెండు వాద్యాలు. కుడివైపుది ఒక శ్రుతికి బిగించి ఉంటుంది, దాని స్వరం మారదు. ఎడమవైపు బాయా అలా కాదు. వేళ్లతో కొడుతూనే మణికట్టు దగ్గరి భాగంతో చర్మాన్ని నొక్కి జరిపితే ఆ గంభీరమైన శబ్దం పైకీ కిందికీ జారుతుంది. ఇది అందరు తబలా విద్వాంసులూ చేసేదే. జాకిర్ చేతిలో అది దాదాపు మాట్లాడేది. ఒక ప్రశ్న అడిగినట్టు, దీర్ఘం తీసినట్టు, విసుక్కున్నట్టు. వేళ్ల వేగం చూసి జనం చప్పట్లు కొట్టేవారు. అలాంటి వేగం ఇంకొందరికి కూడా ఉంది. ఎడమచేతి ఆ పలుకు మాత్రం వినగానే ఆయనదని తెలిసిపోయేది.

పుట్టినప్పుడు చెవిలో ప్రార్థన చెప్పవలసిన తండ్రి అల్లారఖా, దానికి బదులు తబలా బోలులు (దెబ్బలను నోటితో పలికే అక్షరాలు) చెప్పారని జాకిరే చాలాసార్లు చెప్పుకున్నారు. తల్లి కోప్పడితే, ఇదే నా ప్రార్థన అన్నారట ఆయన.

నిశాచరి

జాకిర్ వాయించిన శక్తి బృందం గురించి కూడా ఒక్క మాట చెప్పండి. 1970లలో హిందుస్తానీ తబలా, కర్ణాటక వయొలిన్, ఘటం, పాశ్చాత్య గిటారు ఒకే వేదిక మీద పెట్టడం అప్పట్లో చిన్న సాహసం కాదు.

ధిరకిట

నిజమే. జాన్ మెక్‌లాగ్లిన్ గిటారు, ఎల్. శంకర్ వయొలిన్, విక్కు వినాయకరామ్ ఘటం. నన్నడిగితే అందులో గొప్ప సంగతి పాశ్చాత్య సంగీతంతో కలవడం కాదు. మన ఉత్తరాది తాళమూ, దక్షిణాది తాళమూ ఎదురెదురుగా కూర్చుని ఒకదాని లెక్క ఒకటి నేర్చుకోవడం. వినాయకరామ్ కొన్నకోలు (కర్ణాటక తాళాన్ని నోటితో పలికే పద్ధతి) చెబితే జాకిర్ దాన్ని బోలుల్లోకి మార్చి తిరిగి ఇచ్చేవారు. మన దేశంలోపలే ఉన్న ఆ గోడ తక్కువ ఎత్తుదేమీ కాదు.

సందేహాల పుట్ట

కోట శ్రీనివాసరావు గారి గురించి ఎవరూ రాయలేదే? 2025 జూలై 13.

పాత రేడియో

మీరే రాయవచ్చు కదా!

సందేహాల పుట్ట

సరే, క్లుప్తంగా. బ్యాంకు ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడి, 1978లో సినిమాల్లోకి వచ్చారు. "అహ నా పెళ్లంట"లో ఎదురుగా కోడిని వేలాడదీసి దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే పిసినారి పాత్ర అందరికీ తెలుసు. ఆ సన్నివేశంలో ఆయన నవ్వించడానికి ప్రయత్నించరు, గమనించండి. ఆ మనిషికి అది నిజంగా భోజనమే. రుచి తెలిసినట్టు లొట్టలేస్తారు. హాస్యం మనవైపు పుడుతుంది. అదే ముఖంతో మరో సినిమాలో వెన్నులో చలి పుట్టించేవారు. ఇంతకన్నా ఎక్కువ రాస్తే సినిమాల జాబితా అయిపోతుంది.

కూచిపూడి అమ్మాయి

యామినీ కృష్ణమూర్తి గారి పేరు కూడా ఈ చర్చలో ఉండాలి. 2024 ఆగస్టు 3న ఢిల్లీలో పోయారు, 83 ఏళ్లు. మదనపల్లెలో పుట్టారు. చెన్నై కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చుకుని పేరు తెచ్చుకున్నాక మళ్లీ విద్యార్థినిగా మారి కూచిపూడి గురువుల దగ్గర కూర్చున్నారు.

దీని బరువు తెలియాలంటే అప్పటి పరిస్థితి తెలియాలి. కూచిపూడి భాగవత మేళాల్లో స్త్రీ పాత్రలు కూడా పురుషులే కట్టేవారు. సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణశర్మ గారే. జడ పట్టుకుని భామ ప్రవేశించే దరువుకు (పాత్ర ప్రవేశించే పాటకు) ఆయన పెట్టిన కొలత అలాంటిది. ఒక స్త్రీ సోలో నర్తకిగా వచ్చి అదే భామను ఢిల్లీలోనూ, విదేశాల్లోనూ తానొక్కతే నిలబెట్టింది. ఇప్పుడు కూచిపూడి తరగతుల్లో ఉన్నవారిలో ఎక్కువమంది ఆడపిల్లలే. ఆ మార్పు తెచ్చినది ఆమె ఒక్కరే అనను, వెంపటి చినసత్యం గారి వంటి గురువుల శ్రమ ఎంతో ఉంది. కానీ దేశం కళ్లకు ఆ మార్పు కనబడేలా చేసినవారిలో ఆమెది ముందువరస.

నక్షత్రాల లెక్క

భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ (2024 ఏప్రిల్ 8, 94 ఏళ్లు), ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ (2025 మే 20, 86 ఏళ్లు). ఇద్దరినీ కలిపి రాస్తున్నాను, ఒకరిని గెలిపించిన కాలమే మరొకరిని గెలిపించలేదు కాబట్టి.

హిగ్స్ 1964లో కణాలకు ద్రవ్యరాశి ఎలా వస్తుందో వివరిస్తూ వ్యాసం పంపితే పత్రిక తిప్పి పంపింది. ఆయన దానికి కొంత చేర్చి వేరే పత్రికకు పంపారు. కొత్త కణం ఒకటి ఉండాలన్న సూచన ఆ చేర్పులోనే ఉంది. అంటే తిరస్కరించకపోయి ఉంటే ఆ ముఖ్యమైన మాట అందులో ఉండేది కాదేమో! 48 ఏళ్ల తర్వాత, 2012 జూలై 4న సెర్న్ అనే ఐరోపా పరిశోధన కేంద్రంలో ఆ కణం దొరికిందని ప్రకటించినప్పుడు సభలో కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. మరుసటి ఏడాది నోబెల్ ప్రకటించిన రోజున విలేకరులకు దొరక్కుండా బయటికి వెళ్లిపోయారు, మొబైల్ ఫోను లేదు. దారిలో పాత పొరుగావిడ కారు ఆపి అభినందనలు చెబితే, ఏ వార్త గురించి అని అడిగారట. ఇప్పటి విశ్వవిద్యాలయాల్లో అయితే తనకు ఉద్యోగమే ఇవ్వరని కూడా ఆయన అన్నారు. ఏడాదికి ఇన్ని వ్యాసాలు అని లెక్కగట్టే రోజుల్లో, 1964 తర్వాత పదికి లోపే ప్రచురించిన మనిషికి చోటెక్కడ?

ఇక నార్లీకర్. కేంబ్రిడ్జిలో ఫ్రెడ్ హోయల్ శిష్యుడు. విశ్వానికి ఆరంభం లేదు, మహావిస్ఫోటం (బిగ్ బ్యాంగ్) జరగలేదు అన్న పక్షం. 1965లో విశ్వమంతటా వ్యాపించిన సూక్ష్మతరంగ వికిరణం కనబడ్డాక అది మహావిస్ఫోటానికి సాక్ష్యమని శాస్త్రలోకంలో ఎక్కువమంది ఆ పక్షానికి వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. అది మొండితనమని కొందరు అంటారు. నాకు మాత్రం ఆయన పుణెలో 1988లో ఐయూకా అనే ఖగోళశాస్త్ర కేంద్రాన్ని స్థాపించిన తీరు ముఖ్యం. పెద్ద పరిశోధన సంస్థల్లో చోటు దొరకని మామూలు కాలేజీల అధ్యాపకులు వచ్చి పనిచేసుకునే చోటుగా దాన్ని తీర్చారు. అక్కడ మహావిస్ఫోటాన్ని నమ్మేవారు నిక్షేపంగా పనిచేశారు. తన సిద్ధాంతానికి భజన బృందాన్ని తయారుచేసుకోలేదు.

పిల్లలు ఆటోగ్రాఫ్ అడిగితే, ఒక పోస్టుకార్డు మీద సైన్సు ప్రశ్న రాసి పంపమనేవారు. జవాబు కింద సంతకం వచ్చేది.

సందేహాల పుట్ట

జ్యోతిషాన్ని పరీక్షించినది కూడా ఈయనే కదా?

నక్షత్రాల లెక్క

అవును. చదువులో చురుకైన పిల్లల జాతకాలూ, మానసిక ఎదుగుదల లోపించిన పిల్లల జాతకాలూ సేకరించి, కలిపి జ్యోతిషులకు ఇచ్చి వేరుచేయమన్నారు. సరైన జవాబులు 46 శాతం వచ్చాయి. బొమ్మా బొరుసూ వేసినా సగం వస్తుంది. దీని మీద ఇక్కడ వాదన మొదలుపెట్టవద్దు, దానికి వేరే చోటు ఉంది.

అడవి దారి

చింపాంజీలను అధ్యయనం చేసిన జేన్ గుడాల్. 2025 అక్టోబరు 1న, 91 ఏళ్ల వయసులో, ప్రసంగాల పర్యటన మధ్యలో కాలిఫోర్నియాలో పోయారు. ఆ వయసులో పర్యటన ఏమిటని ఎవరైనా అడిగితే, ఆమె జీవితమే అలా నడిచిందని చెప్పాలి.

1960లో 26 ఏళ్ల వయసులో ఆఫ్రికాలో, ఇప్పటి టాంజానియాలోని గొంబె అడవికి వెళ్లినప్పుడు ఆమెకు డిగ్రీ లేదు. ఒంటరి యువతిని పంపడానికి బ్రిటిష్ అధికారులు ఒప్పుకోకపోతే వాళ్ల అమ్మ తోడుగా వెళ్లింది. నెలల తరబడి చింపాంజీలు దగ్గరికి రానివ్వలేదు. ఆ ఏడాది చివర్లో, గడ్డం నెరిసిన ఒక మగ చింపాంజీ చెదపుట్ట రంధ్రంలోకి గడ్డిపరక దూర్చి, దానికి పట్టుకున్న చెదలను పెదవులతో తీసుకుని తినడం చూసింది. ఆకులు దూసి పుల్లను పనికి తగ్గట్టు చేసుకోవడం కూడా చూసింది. పనిముట్టు చేసేవాడే మనిషి అనుకునే రోజులవి.

తర్వాత కేంబ్రిడ్జికి వెళితే, జంతువులకు పేర్లు పెట్టకూడదు, అంకెలు ఇవ్వాలి అన్నారు అక్కడి పెద్దలు. ఆమె వినలేదు. డేవిడ్ గ్రేబియర్డ్, ఫ్లో, ఫీఫీ అనే రాసింది, 1966లో డాక్టరేటూ తీసుకుంది.

జీవశాస్త్రం మాస్టారు

చక్కగా చెప్పారు. ఒక్కటి కలుపుతాను, పొగడ్తలతో నింపేయకుండా. చింపాంజీలను దగ్గరకు రప్పించడానికి ఆమె అరటిపళ్లు పెట్టింది. దానివల్ల వాటి మధ్య కొట్లాటలు పెరిగాయని, సహజ ప్రవర్తన మారిందని విమర్శ వచ్చింది. అది న్యాయమైన విమర్శే, తర్వాత పళ్లు పెట్టడం బాగా తగ్గించారు. అయితే 1974 నుంచి గొంబెలో రెండు గుంపుల మధ్య జరిగిన హత్యాకాండకు పళ్లే కారణమన్న వాదన నిలవలేదు. మేత పెట్టని అడవుల్లోనూ చింపాంజీలు అలాగే చంపుకున్నాయి.

నిశాచరి

ఇప్పుడు నేను కందిరీగల తుట్టె కదుపుతాను. జేమ్స్ వాట్సన్ 2025 నవంబరు 6న పోయారు, 97 ఏళ్లు. డీఎన్ఏ ఆకారం జంట కుండలి అని క్రిక్‌తో కలిసి తేల్చినవాడు. ఆయనను ఎలా గుర్తుంచుకోవాలి?

అడవి దారి

గుర్తుంచుకోకపోయినా నష్టం లేదు. నల్లజాతివారి తెలివితేటల గురించి 2007లో అన్న మాటలు, మళ్లీ 2019లో టీవీలో వాటినే సమర్థించుకోవడం. ఆయన ఏళ్ల తరబడి నడిపిన పరిశోధన సంస్థే గౌరవ పదవులన్నీ తీసేసుకుంది.

జీవశాస్త్రం మాస్టారు

అమ్మా, గుర్తుంచుకోకపోతే రోజలిండ్ ఫ్రాంక్లిన్‌కు జరిగినది కూడా మరచిపోతాం. 1952లో ఆమె ప్రయోగశాలలో విద్యార్థి గోస్లింగ్ తీసిన ఎక్స్‌రే చిత్రాన్ని, ఆమెకు తెలియకుండా ఆమె సహోద్యోగి విల్కిన్స్ వాట్సన్‌కు చూపించాడు. ఆమె కొలతలున్న నివేదిక కూడా వాళ్ల చేతికి వచ్చింది. 1953 ఏప్రిల్ 25న 'నేచర్'లో వాట్సన్, క్రిక్‌ల వ్యాసం వచ్చిన సంచికలోనే ఆమె వ్యాసమూ వచ్చింది, ఏదో సమర్థనగా వేసినట్టు. ఆమె 1958లో 37 ఏళ్లకే పోయింది. 1962 నోబెల్ ముగ్గురు మగవాళ్లకు వెళ్లింది.

అయినా నమూనా కట్టిన తెలివి వాళ్లదే. రెండు పోగుల్లో ఒకదాన్ని బట్టి రెండోదాన్ని తయారుచేయవచ్చన్న చూపు మామూలుది కాదు. ఆ వ్యాసం ఒక్క పేజీకి కొంచెం ఎక్కువ. రెండూ రాయాలి, ఒకే పేరాలో రాయాలి.

అడవి దారి

ఒకే పేరాలో రాయడానికి ఒప్పుకుంటాను మాస్టారూ. నివాళి అనడానికి మాత్రం ఒప్పుకోను.

పాత రేడియో

సరే, అలాగే ఉంచుదాం. ఎవరి అభిప్రాయం వారిది.

రెంచీ చేతిలో

ఎక్కువమంది వినని పేరు ఒకటి: ఎడ్ స్మైలీ. అమెరికా ఇంజనీరు, 2025 ఏప్రిల్ 21న 95 ఏళ్ల వయసులో పోయారు. అదే ఏడాది ఆగస్టు 7న జిమ్ లోవెల్ కూడా పోయారు, 97. లోవెల్‌కు పెద్ద పెద్ద వ్యాసాలు వచ్చాయి, రావలసిందే. అపోలో 13 కమాండర్ ఆయన. కానీ ఆయన ఇంటికి తిరిగి రావడంలో స్మైలీ చేయి ఉంది.

1970 ఏప్రిల్‌లో చంద్రుడికి వెళ్లే దారిలో ఆ నౌక ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముగ్గురూ చంద్రుడి మీద దిగడానికి ఉద్దేశించిన చిన్న వాహనంలో తలదాచుకున్నారు. అది ఇద్దరికి రెండు రోజులకు సరిపోయేలా చేసినది. వీళ్లు ముగ్గురు, దాదాపు నాలుగు రోజులు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిపోతోంది. దాన్ని పీల్చే డబ్బాలు ప్రధాన వాహనంలో ఇంకా ఉన్నాయి, కానీ అవి చదరం. ఇక్కడి అమరికలో గుండ్రటివే పడతాయి. స్మైలీ బృందం భూమి మీద, నౌకలో ఏ వస్తువులున్నాయో ఆ వస్తువులతోనే ఒక అమరిక తయారుచేసింది. ప్లాస్టిక్ సంచులు, అట్టముక్కలు, వ్యోమగాముల సూటు గొట్టం, అతికించే టేపు. తర్వాత ఒక్కొక్క మెట్టూ రేడియోలో చదివి వినిపించారు. పైన బొమ్మ లేదు, మాట విని చేయాలి. చేశారు, గాలి శుభ్రపడింది.

చదరం, గుండ్రం రెండూ ఒకే సంస్థ కోసం చేసిన వాహనాల్లో ఉండటం ఏమిటని నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వేర్వేరు కంపెనీలకు కాంట్రాక్టులు ఇస్తే అలాగే ఉంటుంది.

ధిరకిట

ఈ చర్చ మొత్తంలో ఇదే నాకు నచ్చింది.

రక్తదాత

మంచి సమయంలో వచ్చాను. నాది జేమ్స్ హారిసన్. ఆస్ట్రేలియా, 2025 ఫిబ్రవరి 17, 88 ఏళ్లు. శాస్త్రవేత్త కాదు, కళాకారుడు కాదు. చేయి చాపి కూర్చున్నాడు, అంతే.

14 ఏళ్ల వయసులో ఛాతీకి పెద్ద శస్త్రచికిత్స జరిగి, ఎవరెవరో ఇచ్చిన రక్తంతో బతికాడు. 18 నిండగానే తానూ ఇవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత తేలింది, అతని ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) యాంటీ-డి అనే అరుదైన ప్రతిరక్షకం (యాంటీబాడీ) పుష్కలంగా ఉందని. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పు సమయంలో బిడ్డ రక్తకణాలు తల్లిలోకి వెళ్లినప్పుడు ఆమె శరీరం వాటిని శత్రువులుగా గుర్తుపెట్టుకుంటుంది. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు, తర్వాతి బిడ్డ రక్తకణాల మీద ఆ దాడి జరుగుతుంది. శరీరం గుర్తుపెట్టుకునే లోపే యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తే ఆ కణాలు తొలగిపోతాయి.

81 ఏళ్లు వచ్చి వైద్యులు ఇక చాలనే దాకా, రెండు వారాలకోసారి, మొత్తం 1,173 సార్లు ఇచ్చాడు. సూదంటే భయం. ఒక్కసారి కూడా గుచ్చేటప్పుడు చూడలేదు, పైకప్పు వైపో నర్సుల వైపో చూస్తూ కబుర్లు చెప్పేవాడు. ఆ ప్లాస్మా 24 లక్షల మంది పసిపిల్లలకు రక్షణ ఇచ్చిందని అక్కడి రక్తసేవా సంస్థ లెక్క. ఆ ఇంజెక్షన్ తీసుకున్నవారిలో సొంత కూతురు కూడా ఉంది.

కూచిపూడి అమ్మాయి

సూదంటే భయపడుతూనే అన్నిసార్లా! మా అక్కయ్యకు కూడా ఈ ఇంజెక్షనే ఇచ్చారు. ఇది మనుషుల ప్లాస్మా నుంచి వస్తుందని ఈ రోజు దాకా తెలియదు.

సందేహాల పుట్ట

మరి ఆయన తర్వాత ఎవరిస్తున్నారు? ఫ్యాక్టరీలో తయారుచేయలేరా?

రక్తదాత

ఇంకా దాతల మీదే నడుస్తోంది. ఆస్ట్రేలియా మొత్తం మీద అలాంటి దాతలు రెండు వందల మంది లోపే. వాళ్లే ఏటా సుమారు 45,000 మంది తల్లులకు సరిపెడుతున్నారు. హారిసన్‌వి, మరికొందరు దాతలవి రక్తకణాలు తీసుకుని ప్రయోగశాలలో ఆ ప్రతిరక్షకాన్ని పెంచే ప్రయత్నం మెల్బోర్న్‌లో జరుగుతోంది. ఆ ప్రయత్నానికి పరిశోధకులు పెట్టుకున్న పేరు "సీసాలో జేమ్స్".